పరులకు బోధించు పన్నునీతి

పరోపదేశ పాండిత్యము పదవి నెక్కినప్పుడు దేశమునకు గలుగు కీడు ధననష్టముతో ముగియదు. ఫ్రాన్సుదేశపు వృత్తాంత మిందుకు నిదర్శనము. అచ్చట ఆయవ్యయశాఖ మంత్రియై పన్నులెగవేయు ధనికులపై పోరు సాగించిన జెరోమ్ కాహుజాక్, తనకు విదేశములందు రహస్యపు ఖాతా లేదని 2012 డిసెంబరులో శాసనసభ యెదుటనే పలికెను. 2013 మార్చిలో పదవిని వీడెను. ఏప్రిలులో, దాదాపు 6 లక్షల యూరోలు దాచిన ఖాతా కలదని తానే యొప్పుకొనెను. 2018లో అప్పీలు న్యాయస్థాన మాతనికి 4 ఏండ్ల కారాగారశిక్ష విధించి, అందు 2 ఏండ్లు నిలిపి యుంచినది.

శిక్షతో ఋణము తీరినదని కొంద ఱందురు. మే మట్లు తలంపము. సామాన్యుడు పన్ను చెల్లించుట జప్తుభయముచేతనే కాదు. తన్నేలువారును చెల్లించుచున్నారను నమ్మకముచేత గూడ. ఆ నమ్మకమును చెఱచినవాడు బొక్కసమునకు గన్నము వేసినవానికన్న నెక్కువ దోషి. ఫ్రాన్సు ఆ సిగ్గును వ్యర్థము కానీయలేదు. మంత్రులును శాసనసభ్యులును తమ యాస్తుల వివరములను స్వతంత్రాధికార సంస్థకు సమర్పింపవలెనని 2013లోనే శాసించెను.

మన దేశమందును 2003నుండి ఎన్నికల యభ్యర్థులు ఆస్తుల ప్రమాణపత్రములు దాఖలు చేయుచున్నారు. కాని, వోటువేయుటకు ముందు వానిని చదువు గృహస్థు లెందఱు? చదువువారు లేనిచో ప్రమాణపత్రమును వట్టి కాగితమే.