గదిలో ఉన్నవాడికి ఏమీ తెలియకపోతే?

‘జీరో డార్క్ థర్టీ’ మొదటిసారి చూసినప్పుడు నాకు బాగా నచ్చింది. ముందే ఒప్పేసుకుంటున్నాను. కాథరిన్ బిగెలో 2012లో తీసిన ఈ సినిమా నల్లటి తెరతో మొదలవుతుంది. బొమ్మ ఉండదు. 9/11 రోజున చావు అంచున ఉన్నవాళ్ళ ఫోన్ గొంతులు మాత్రం వినిపిస్తాయి. ఆ తర్వాత ఒక రహస్య గది, అందులో అమ్మార్ అనే ఖైదీ. ముఖం మీద గుడ్డ కప్పి నీళ్ళు పోస్తారు, చిన్న పెట్టెలో కుక్కుతారు. ఆ గొంతులు ఇంకా చెవుల్లో ఉన్నాయేమో, నాకు జాలి కంటే ముందు ఆత్రం కలిగింది. వీడు పేరు చెప్తాడా, చెప్పడా?

రెండోసారి చూసినప్పుడు ఆ ఆత్రమే నన్ను ఇబ్బంది పెట్టింది.

అమ్మార్ నోరు విప్పేది దెబ్బలకి కాదు, భోజనం దగ్గర అని సినిమాని సమర్థించేవాళ్ళు అంటారు. నిజమే. నువ్వు ఇదివరకే కొంత చెప్పేశావని అబద్ధమాడి, తిండి పెట్టి మిగతాది రాబడతారు. కానీ నిద్ర లేక ఏది చెప్పాడో, ఏది చెప్పలేదో గుర్తులేని స్థితిలో ఉన్నాడు కాబట్టే ఆ అబద్ధం పారింది. అంటే పని చేసింది హింసే. మరి బయట జరిగింది? 2014 డిసెంబరులో వెలువడిన అమెరికా సెనేట్ కమిటీ నివేదిక, బిన్ లాడెన్ దూత గురించి అన్నిటికంటే కచ్చితమైన వివరాలిచ్చిన ఖైదీ, ఈ పద్ధతులు తన మీద వాడకముందే చెప్పాడని తేల్చింది.

సరే, సినిమా చెప్పిందే నిజమనుకుందాం. అసలు తిరకాసు ఇంకోచోట ఉంది. ఆ గదిలో ఉన్నవాడికి జవాబు తెలుసని కథ ముందే తీర్మానించేసింది. తెలియనివాణ్ణి కూర్చోబెడితే ఏమవుతుంది?

దీనికి జవాబు నాకు వెట్రిమారన్ ‘విసారణై’లో దొరికింది. అది తీవ్రవాదం కథ కాదు, దొంగతనం కేసు. గుంటూరులో కూలి చేసుకునే తమిళ కుర్రాళ్ళని చెయ్యని నేరం ఒప్పుకోమని పోలీసులు కొడతారు. ఎం. చంద్రకుమార్ తన అనుభవం నుంచి రాసిన ‘లాకప్’ దీనికి ఆధారం. తమిళం కోసం సబ్‌టైటిల్స్ చూస్తున్న నాకు, పోలీసుల మాటలు మాత్రం నేరుగా అర్థమయ్యాయి. కొట్టేవాళ్ళ భాష నాది. ఇక్కడ కూడా ‘చెప్తాడా?’ అని ఎదురుచూస్తాం, కానీ చెప్పడానికి వాడి దగ్గర ఏమీ లేదు. దెబ్బ ఆగాలంటే ఒప్పుకోవాలి, అంతే.

ఈ రెండు సినిమాల మధ్య నాకు మక్కా మసీదు గుర్తొస్తుంది. 2007 మే 18న జరిగిన పేలుడులో 9 మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో 5గురు చనిపోయారు. పాతబస్తీ కుర్రాళ్ళని పట్టుకెళ్ళారు. చిత్రహింసలు పెట్టారని వాళ్ళు చెప్పారు. కోర్టులో వాళ్ళ మీద ఏదీ రుజువు కాలేదు. 2010 డిసెంబరులో స్వామి అసీమానంద మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇచ్చి, తర్వాత అది బలవంతం మీద ఇచ్చిందంటూ వెనక్కి తీసుకున్నారు. 2018 ఏప్రిల్లో కోర్టు ఆయనతో సహా ఐదుగురినీ నిర్దోషులంది.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. పాతబస్తీ కుర్రాళ్ళ విషయంలో పోలీసుల మాట ఒక్కటి కూడా నమ్మని నేను, అసీమానంద వాంగ్మూలాన్ని మాత్రం వెంటనే నమ్మేశాను. అది నాకు కావలసిన జవాబు మరి. బలవంతం జరిగిందో లేదో నేను తేల్చలేను. కానీ అప్పుడు ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. థియేటర్లో కలిగిన ఆత్రమే ఇది కూడా.

పోలీసుల దగ్గర చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టమే చెప్పింది. టాడా, పోటా వచ్చినప్పుడు తీవ్రవాదం పేరు చెప్పి ఆ అడ్డు తీసేశారు. కేసు ఎంత పెద్దదైతే అంత జాగ్రత్త కావాల్సిన చోట, ఉన్న జాగ్రత్త కూడా వదిలేశాం.

‘జీరో డార్క్ థర్టీ’ నిజంగా పనితనం తెలిసినవాళ్ళు తీసిన సినిమా. అందుకే దాని మీద నా ఫిర్యాదు ఎక్కువ. ఆ నల్లటి తెర వెనక గొంతులకి మనం జవాబు బాకీ ఉన్నాం. మక్కా మసీదులో పోయినవాళ్ళకీ బాకీ ఉన్నాం. ఇన్నేళ్ళయినా, చేసిందెవరో ఆ ఇళ్ళవాళ్ళకి ఏ కోర్టూ చెప్పలేదు.