ఎనిమిది అడుగుల గురి

గోల్ఫ్ సాధనలో లక్ష్యం అంటే ఒక షాటు, ఒక దూరం, ఒక లెక్క, ఒక గడువు. ‘ఈ ఏడాది పటింగ్ బాగుపడాలి’ అనుకోవడం కోరిక మాత్రమే. ‘నెలాఖరుకల్లా నాలుగు అడుగుల నుంచి ఇరవై బంతులు కొడితే పదహారు పడాలి’ అన్నది లక్ష్యం. అది నెరవేరిందో లేదో ఆ పూటే తేలిపోతుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ 1990లో పుస్తకంగా తెచ్చిన సిద్ధాంతం కూడా ఈ మాటే అంటుంది: చేతనైనంత చెయ్యమంటే మనుషులు చేసేదానికన్నా, స్పష్టంగా, కాస్త కష్టంగా ఉన్న లక్ష్యం ఎదుట ఉంటే ఎక్కువ చేస్తారు.

హైదరాబాద్‌లో సీతాఫల్‌మండి, తార్నాక వైపు ఉండేవారికి ఇలాంటి లక్ష్యం మరీ అవసరం. గోల్కొండ నయాఖిల్లా దగ్గరి కోర్సుకు చేరాలంటే నగరాన్ని అడ్డంగా దాటాలి. అంత దూరం పోయి, బుట్టెడు బంతులు డ్రైవర్‌తో బాది తిరిగి రావడం ఒళ్లు అలసిపోవడమే తప్ప సాధన కాదు.

ఏ షాటు మీద గురి పెట్టాలో పాత స్కోర్‌కార్డులే చెప్పాలి. మొత్తం స్కోరు ఒక్కటే రాసుకుంటే చాలదు. ఎన్ని డ్రైవ్‌లు ఫెయిర్‌వేలో పడ్డాయి, ఎన్ని బంతులు నిర్ణీత షాట్లలో గ్రీన్ ఎక్కాయి, గ్రీన్ మీద ఎన్ని షాట్లు ఖర్చయ్యాయి, పెనాల్టీలు ఎక్కడ పడ్డాయి అన్నవి నాలుగైదు రౌండ్లపాటు రాస్తే లోపం బయటపడుతుంది. ఆట అంతా గ్రీన్ మీదే తేలుతుందని ఆటగాళ్లలో గట్టి నమ్మకం ఉంది. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ బ్రాడీ లక్షల షాట్లను లెక్కగట్టి ఆ నమ్మకాన్ని సడలించారు. స్కోర్ల మధ్య తేడాలో దాదాపు మూడింట రెండు వంతులు వంద గజాలకు అవతల కొట్టిన షాట్ల వల్లే వస్తోందని ఆయన తేల్చారు. నమ్మకం కన్నా సొంత కార్డుకే విలువ ఇవ్వాలి.

లక్ష్యం కొలత కూడా ముఖ్యమే. రంధ్రం వ్యాసం 108 మిల్లీమీటర్లు. అమెరికా టూర్ ఆటగాళ్లు సైతం ఎనిమిది అడుగుల నుంచి సుమారు సగమే వేయగలరు. వారాంతపు ఆటగాడు అక్కడినుంచి పదికి పది పడాలనుకుంటే నిరాశే మిగులుతుంది. పదికి మూడుతో మొదలుపెట్టడం సబబు.

ఇక, చేతిలో ఉన్నదాన్నే లక్ష్యంగా పెట్టుకోవాలి. హ్యాండిక్యాప్ తగ్గడం ఫలితం. గాలి, గ్రీన్ పరిస్థితి, ఆ రోజు ఒంటి తీరు అన్నీ అందులో కలుస్తాయి. దీనికి మంచి ఉదాహరణ గోల్ఫ్‌లో కాదు, తార్నాకలోనే ఉన్న రైల్వే సిగ్నల్ శిక్షణ సంస్థ ఇరిసెట్ కోర్టుల్లో బ్యాడ్మింటన్ ఓనమాలు దిద్దిన పి.వి.సింధులో కనిపిస్తుంది. ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో 2017లో ఒకుహరా చేతిలో, 2018లో మారిన్ చేతిలో ఆమె ఓడారు. 2019లో బాసెల్‌లో అదే ఒకుహరాను 21-7, 21-7తో చిత్తుచేశారు. కొరియా కోచ్ కిమ్ జీ హ్యూన్ సూచించిన మార్పుల మీద పనిచేయడం తోడ్పడిందని ఆమె చెప్పారు. బంగారు పతకాన్ని సాధన చేయలేరు. సూచించిన మార్పును రోజూ చేయవచ్చు.

కోర్సుకు వెళ్లలేని రోజుల్లో ఇంట్లో పరిచిన మ్యాట్ మీద పటర్ ముఖం గురికి సూటిగా ఉంచడం సాధన చేయవచ్చు. వేగం మాత్రం అక్కడ అబ్బదు, దానికి అసలు గ్రీనే కావాలి. వానాకాలంలో తడిసిన గ్రీన్ మీద బంతి నెమ్మదిగా దొర్లుతుంది కాబట్టి ఆ నెలల లెక్కను ఎండాకాలపు లెక్కతో పోల్చకూడదు. వరుసగా మూడు పూటలు లక్ష్యం అందితే ఒక అడుగు వెనక్కి జరగాలి. నెల గడిచినా అందకపోతే దూరం తగ్గించాలి, లేదా కోచ్‌కు చూపించి తప్పు ఎక్కడుందో తెలుసుకోవాలి.