చక్రాల మీద విహారం: గుర్రపు కారవాన్ల తొలి రోజులు

బ్రిటన్‌లో కారవాన్ అనే చక్రాల ఇల్లు బతుకుతెరువు కోసం పుట్టింది. 19వ శతాబ్దం తొలి సగంలో సంతలూ తిరునాళ్లూ పట్టుకుని తిరిగే ప్రదర్శనల వాళ్లు బండిలోనే కాపురం పెట్టారు. గుడారాల్లో తలదాచుకునే రోమానీ సంచార కుటుంబాలు 1850 ప్రాంతం నుంచి 'వార్డో' అనే బండ్లకు మారసాగాయి. సరదా కోసం అలాంటి బండి కట్టించుకున్న తొలి వ్యక్తిగా పేరు మాత్రం నౌకాదళంలో వైద్యుడిగా పనిచేసి రచయితగా మారిన విలియం గోర్డన్ స్టేబుల్స్‌కు దక్కింది.

బ్రిస్టల్ వ్యాగన్ వర్క్స్ ఆయనకు తయారు చేసి ఇచ్చిన 'వాండరర్' పొడవు సుమారు 18 అడుగులు. లోపల మహాగని చెక్కపని, పుస్తకాల అర, పగలు సోఫాగా రాత్రి పడకగా పనికొచ్చే ఆసనం ఉండేవి. 1885లో దాన్ని ఇంగ్లండ్ దక్షిణాన ట్వైఫోర్డ్ నుంచి స్కాట్లండ్‌లోని ఇన్వర్నెస్ దాకా నడిపించారు. నౌకర్ మూడు చక్రాల సైకిల్‌పై ముందు వెళ్తూ దారి చూసేవాడు. మరుసటి ఏడాది వెలువడిన యాత్రా గ్రంథం పేరులోనే 1,300 మైళ్ల ప్రయాణమన్న మాట ఉంది. అయితే సామానుతో కలిపి బండి బరువు రెండు టన్నుల దాకా ఉండేది. ఇంటి సుఖమంతా బండెక్కిస్తే ఆ భారం మోయాల్సింది గుర్రాలే కదా!

ఈ ప్రయాణంలో అసలు నేర్పు ఎత్తుపల్లాల దగ్గర బయటపడుతుంది. ఎగువకు ఎక్కేటప్పుడు వెనక చక్రానికి వెనకాలే ఒక చిన్న దొర్లుడు దిమ్మ గొలుసుతో వెంట వస్తుంది. గుర్రం ఊపిరి తీసుకోవడానికి ఆగితే చక్రం ఆ దిమ్మ మీద ఆనుతుంది; బండి వెనక్కి జారదు. దిగువకు వెళ్లేటప్పుడు భయం మరో రకం: బండి బరువంతా గుర్రం మీదికి తోసుకొస్తుంది. అందుకే ఒక వెనక చక్రం కింద ఇనప చెప్పు తొడిగి, దాన్ని గొలుసుతో బండికి బిగిస్తారు. ఆ చక్రం తిరగడం మానేసి నేలను గీరుకుంటూ జారుతుంది. వాలు ముగిశాక చెప్పును తీయాలి, మరిచిపోతే గుర్రానికి నరకమే. మరీ నిటారైన కొండల దగ్గర అదనపు గుర్రాన్ని పూన్చక తప్పేది కాదు. ఆ లెక్కన రోజుకు 15–20 మైళ్లు నడిస్తే గొప్ప.

లోపలి అమరికలో రోమానీ అనుభవం కనిపిస్తుంది. వార్డోలో మంచం వెనక గోడకు అడ్డంగా ఉంటుంది, పొయ్యి గుమ్మంలో అడుగు పెట్టగానే ఎడమ వైపు వస్తుంది. ముందు గుమ్మంలోంచి బండి వెనక వైపుకు ముఖం పెట్టి ఎక్కుతారు కాబట్టి, బండి కదిలేటప్పుడు అది కుడి వైపు అవుతుంది. రోడ్డుకు ఎడమ పక్కన నడిచే బ్రిటన్‌లో, పొగగొట్టం దారి పక్క చెట్ల కొమ్మలకు తగలకుండా ఉండే ఏర్పాటిది. కొన్ని రకాల్లో కప్పు నడిమి భాగాన్ని ఎత్తి చిన్న కిటికీలు పెట్టడంతో వెలుతురు, గాలి పైనుంచి వచ్చేవి.

విచిత్రమేమిటంటే, సంపన్నులు ఈ బండ్ల మీద మోజు పడుతున్న 1880లలోనే, కోల్‌విల్‌కు చెందిన జార్జ్ స్మిత్ అనే సంస్కర్త సంచార నివాసాలను నమోదు చేసి తనిఖీ చేయాలంటూ పార్లమెంటులో బిల్లుల కోసం పట్టుబట్టాడు. అవి చట్టం కాలేదు. అయినా ఒకే రకం బండి ఒకరికి విహారం, మరొకరికి అనుమానాస్పద బతుకు అయింది.

1907లో జె. హారిస్ స్టోన్ చొరవతో కారవాన్ క్లబ్ ఏర్పడింది. స్టేబుల్స్ దానికి ఉపాధ్యక్షుడు. మరుసటి ఏడాది వచ్చిన 'ది విండ్ ఇన్ ద విల్లోస్' నవలలో కప్ప దొర కారవాన్ గుర్రాన్ని మోటారు కారు బెదరగొట్టి బండిని గుంటలో పడేయడం ఉత్త హాస్యం కాదు, కాలానికి సరిపోయిన సన్నివేశం. మొదటి ప్రపంచ యుద్ధానికి సైన్యం గుర్రాలను పెద్ద ఎత్తున తీసుకుపోయింది. 1919లో బర్మింగ్‌హామ్‌లోని ఎక్లెస్ కంపెనీ కారుకు తగిలించి లాగించే కారవాన్లు తయారు చేయసాగింది. ఎత్తైన చక్రాలు, నొగలు పోయాయి; ఎత్తుగా లేపిన కప్పు కిటికీలు మాత్రం కొన్నేళ్లు ఆ కొత్త బండ్లపైనా నిలిచాయి.