జమ పద్దుకు చోటెక్కడ?

చిన్న వ్యాపారులకు బిల్లింగ్ వెబ్ అప్లికేషన్ తయారుచేసేవారు బిల్లుల టేబుల్‌లో 'డబ్బు వచ్చిందా?' అని ఒక గడి పెట్టి, అవును, కాదు అన్న రెండు జవాబులతో సరిపెడుతుంటారు. డెమోలో అది ముచ్చటగానే ఉంటుంది. కొట్లో వారం కూడా నిలవదు. హార్డ్‌వేర్ దుకాణంలో మూడు బిల్లుల మీద ముప్పై వేలు బాకీ పడ్డ మేస్త్రీ శనివారం సాయంత్రం పన్నెండు వేలు ఇచ్చి వెళతాడు. అది ఏ బిల్లుకో ఆయన చెప్పడు, కొట్టాయనా అడగడు. ఇప్పుడు ఏ గడిలో 'అవును' కొట్టాలి?

బిల్లు ఒక సంగతి, జమ ఇంకొక సంగతి. రెండింటికీ వేర్వేరు టేబుళ్లు ఉండాలి. ఏ జమలోంచి ఎంత ఏ బిల్లుకు సర్దారో చెప్పే మూడో టేబుల్ వాటి మధ్య ఉండాలి. అప్పుడు ఒకే జమతో ఐదు బిల్లులు తీరినా, ఒకే బిల్లు ఐదు విడతల్లో తీరినా లెక్క తప్పదు. ఏ బిల్లుకూ చేరని సొమ్ము అడ్వాన్సుగా పార్టీ పేరున ఉంటుంది. బిల్లు తీరిందా లేదా అన్నది రాసి పెట్టుకునే విషయం కాదు, సర్దుబాట్లు కూడితే తేలేది. పాత కొట్లలో గుమాస్తాలకు ఇది కొత్త కాదు. రొక్కం ముందు తేదీవారీగా చిట్టాకు ఎక్కేది, ఆ తర్వాతే ఆవర్జాలో పార్టీ పద్దుకు చేరేది.

మేస్త్రీ ఇచ్చిన పన్నెండు వేలు ఏ బిల్లుకు చెందాలన్నది ప్రోగ్రామర్ ఇష్టం కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 59, 60, 61 సెక్షన్లలో దీనికి వరుస చెప్పింది. బాకీదారు ఫలానా అప్పుకని చెప్పి ఇస్తే, పుచ్చుకున్నవాడు దానికే జమ కట్టాలి. మాట చెప్పకపోయినా సందర్భాన్ని బట్టి తెలిస్తే చాలు. చట్టంలోని ఉదాహరణలో అప్పిచ్చినవాడు 567 రూపాయల బాకీ అడుగుతాడు, అవతలివాడు సరిగ్గా 567 పంపుతాడు. అది ఆ బాకీకే చెందుతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లోని మొత్తాన్ని బిల్లుతో పోల్చి జత కలిపే ఫీచర్‌కు నూటయాభై ఏళ్ల కిందటే దారి పడిందన్నమాట. సూచన ఏదీ లేకపోతే ఎంపిక అప్పిచ్చినవాడిది. ఇద్దరూ ఎటూ తేల్చనప్పుడే పాత బాకీ ముందు తీరుతుంది. చాలా అప్లికేషన్లు ఈ ఆఖరి నియమాన్నే మొదటిదిగా పెట్టి, మార్చుకునే వీలు కూడా ఇవ్వవు. పాత బాకీ ముందు అని సూచిస్తే బాగానే ఉంటుంది, దానికి తాళం వేయడమే తప్పు.

వచ్చిన సొమ్ము బిల్లుకు తక్కువైనంత మాత్రాన బాకీ మిగిలినట్టు కాదు. ఒక డిజైనర్ 50,000 ఫీజుకు 18 శాతం జీఎస్టీ కలిపి 59,000కు బిల్లు ఇచ్చారనుకుందాం. కంపెనీ ఫీజు మీద 10 శాతం టీడీఎస్ కోసుకుని 54,000 పంపుతుంది. మిగతా 5,000 డిస్కౌంటూ కాదు, రావలసిన బాకీ కూడా కాదు. డిజైనర్ పాన్ మీద ప్రభుత్వానికి చేరే పన్ను. దానికి విడిగా సర్దుబాటు రకం లేకపోతే తీరిపోయిన బిల్లుకు ప్రతి సోమవారం రిమైండర్ వెళుతూనే ఉంటుంది.

మొత్తాలను దశాంశాల్లో కాక పైసల్లో, పూర్ణాంకాలుగా దాచాలి. మామూలు ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. పేమెంట్ గేట్‌వేలు ఒకే కబురును రెండుసార్లు పంపడం మామూలే. లావాదేవీ నంబరు మళ్లీ ఎక్కకుండా డేటాబేస్‌లోనే అడ్డుకట్ట వేస్తే రెండో జమ పడదు.

తప్పుగా ఎక్కిన జమను చెరిపేయకూడదు, ఎదురు పద్దు రాయాలి. చెక్కు తిరిగొచ్చినప్పుడూ అంతే: మొదటి జమ అలాగే ఉంటుంది, దాని కింద రద్దు పద్దు పడుతుంది, బిల్లు మళ్లీ బాకీలోకి వస్తుంది. చెక్కు తిరిగొచ్చిన సంగతి బ్యాంకు తెలిపిన తేదీకీ ఒక గడి ఉండాలి. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద చెక్కు కేసు వేయాలంటే ఆ రోజు నుంచి 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి.

ఆఖరున గడువు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సరఫరాదారుకు ఒప్పందం ఎలా ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా అసలులో కలిసే చక్రవడ్డీ. ఆ రోజులను బిల్లు తేదీ నుంచి కాదు, సరుకునో సేవనో అంగీకరించిన రోజు నుంచి లెక్కిస్తారు. ఆ తేదీకి బిల్లు ఫారంలో చోటు లేకపోతే గడువు దాటిన బాకీల రిపోర్టు ఎంత అందంగా గీసినా రోజుల లెక్క తప్పుతుంది.