మరీచిని చదివిన చూపు

పెళ్లిలో అరుంధతిని చూపించేటప్పుడు అందరి కళ్లూ వసిష్ఠుడి దగ్గర ఆగిపోతాయి. అక్కడి నుంచి సప్తర్షి మండలం తోక వెంట ఇంకొంచెం ముందుకెళ్తే చిట్టచివరి చుక్క మరీచి. ఖగోళ శాస్త్రంలో దాని పేరు ఆల్కైడ్. దూరం సుమారు 104 కాంతి సంవత్సరాలు. ద్రవ్యరాశి సూర్యుడికి ఆరింతల దాకా ఉంటుంది. ఉపరితలం వేడి 15,000 డిగ్రీలు దాటింది కాబట్టే దానికి ఆ నీలిఛాయ. వయసు కోటి ఏళ్ల ప్రాంతమని అంచనా. 460 కోట్ల ఏళ్ల సూర్యుడి ముందు అది నిన్నగాక మొన్న పుట్టినట్టే.

నక్షత్రాల పట్టికల్లో దాని పేరు పక్కన ఉండే గుర్తు బి3 ఫైవ్. ఇంత చిన్న గుర్తు వెనక ఎంతో నికార్సైన పనితనం ఉంది.

1943లో అమెరికాలోని యర్కీస్ అబ్జర్వేటరీకి చెందిన మోర్గన్, కీనన్, ఎడిత్ కెల్మన్ నక్షత్రాల వర్ణపటాలతో ఒక అట్లాసు వెలువరించారు. నక్షత్రం వెలుగును పట్టకం గుండా పంపి, విడిపోయిన కాంతిని ఫోటో పలక మీద పట్టారు. ఆ సన్నని పట్టీలో అక్కడక్కడా గీతలుంటాయి. ఏ గీత దేనికన్నా ముదురో చూసి చెప్పడమే వాళ్ల విద్య.

ముందు గుర్తులోని బి3. 4471 యాంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యం దగ్గర హీలియం గీత ఒకటుంది. దాని పక్కనే, 4481 దగ్గర, మెగ్నీషియం గీత. మరీచిలో మొదటిది బాగా ముదురు, రెండోది పలచన. ఇంతకన్నా చల్లని తారలను వరసగా చూస్తూ పోతే హీలియం సన్నగిల్లుతుంది, మెగ్నీషియం బలపడుతుంది. బి8 దగ్గరికి వచ్చేసరికి రెండూ ఇంచుమించు సమానం. వేడిని బట్టి పరమాణువులు ఎలక్ట్రాన్లను ఎలా పోగొట్టుకుంటాయో 1920లో మన మేఘనాద్ సాహా సమీకరణం కట్టి చూపించాక, ఈ మార్పుకు కారణం తెలిసింది.

ఇక ఫైవ్. దాన్ని హైడ్రోజన్ గీతలు చెబుతాయి. బాగా ఉబ్బిపోయిన మహాతారల్లో పైపొర వాయువు పలచన, గీతలూ సన్నం. మరీచి ఇంకా గర్భంలో హైడ్రోజన్‌నే హీలియంగా మార్చుకుంటున్న ప్రధాన శ్రేణి తార. దాని పైపొరలో వాయువు ఒత్తుగా ఉండి, విద్యుదావేశ కణాల ప్రభావం వల్ల హైడ్రోజన్ గీతల అంచులు రెండు వైపులా పరుచుకుంటాయి. గీత వెడల్పులోనే తార ఒడ్డూ పొడుగూ తెలిసిపోతుంది.

ఇందులో నేను అన్నిటికన్నా మెచ్చుకునేది మోర్గన్ నిగ్రహం. వేడి ఎంత, దూరం ఎంత అనే లెక్కలను వర్గీకరణలోకి రానివ్వలేదు. పట్టీలో కంటికి కనిపించిందే సాక్ష్యం. కంసాలి గీటురాయి మీద తెలిసిన బంగారం గీత పక్కన కొత్త నగ గీత గీసి మచ్చు చూసినట్టు, కొన్ని తారలను ప్రమాణంగా నిలిపి మిగతావాటిని వాటితో పోల్చాడు. బి3 ఫైవ్‌కు అలా ప్రమాణంగా నిలిచిన వాటిలో మరీచి ఒకటి. తర్వాత ఉపగ్రహాలొచ్చి దూరాలు సవరించాయి, వేడి అంకెలూ మారాయి. ఆ అంకెల మీద ఆధారపడలేదు కాబట్టే ఈ గుర్తు మాత్రం చెక్కుచెదరలేదు.