బౌల్బీ సిద్ధాంతం – పెంపుడు తల్లి శ్రమ

జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం మాతృ సంరక్షణపై రాసిన నివేదికను అభ్యుదయవాదులు అనుమానంతో చూశారు. యుద్ధకాలంలో ఫాక్టరీకి వెళ్ళిన స్త్రీని తిరిగి వంటింటికి తోలడానికి యిది సాధనం కాదా అన్నారు. ఆ అనుమానం నిరాధారం కాదు. శిశువు అవసరాన్ని చెప్పబోయి తల్లి కర్తవ్యాన్ని శాసించాడు బౌల్బీ. తండ్రిని గుమ్మం దగ్గరే నిలబెట్టాడు. బిడ్డ తల్లినే కాక మరికొందరినీ అంటిపెట్టుకోగలదనీ, విడిపోవటం కన్న అనుబంధమే ఏర్పడకపోవటం ప్రమాదమనీ 1972లో మైకేల్ రట్టర్ సవరించాడు.

అంతమాత్రాన సిద్ధాంతాన్నే పారవేద్దామంటే రుమేనియా అడ్డు వస్తుంది. సోషలిజం పేరు చెప్పుకున్న ప్రభుత్వం 1966లో గర్భస్రావాన్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. పోషించలేని తలిదండ్రుల బిడ్డలు వేలకొద్దీ ప్రభుత్వ సదనాలకు చేరారు. 1989 డిసెంబరులో చౌసెస్కూ కూలిన తర్వాత లోకం ఆ గదుల్ని చూసింది: వరుసగా మంచాలు, పూట పూటకూ మారే ఆయాలు, ఏడ్చినా ఎవరూ రారని తెలిసి ఏడుపే మానిన పసివాళ్ళు. దీన్ని చెప్పుకోవటానికి మనం జంకరాదు. జననాలకు లెక్కవేసి పెంపకాన్ని లెక్కలో చేర్చని ప్రణాళిక అది.

ఆ బిడ్డల్లో కొందరిని బ్రిటన్, అమెరికా, కెనడా కుటుంబాలు దత్తు తీసుకున్నాయి. తీవ్రమైన అనుబంధ రుగ్మత వున్న బిడ్డ, పడి మోకాలు చీరుకున్నా అమ్మ దగ్గరకు రాదు. లేదా దారిన పోయేవారి చేయి పట్టుకుని వెళ్ళిపోతుంది. 2013 నాటి అమెరికన్ మనోవైద్య వర్గీకరణ వీటిని రెండు వేరు రుగ్మతలుగా విడదీసింది. మూలం మాత్రం వొకటే, తొలి యేళ్ళలో సంరక్షణ లేమి. ఆ తిరస్కారం పెంపుడు తల్లిని ఎంచి చేసింది కాదు. కాని రోజూ దాన్ని భరించేది ఆమే. ‘పెంచినందుకు విశ్వాసం లేదు’ అనే మాట మన యిళ్ళల్లోనూ వినబడేదే. ప్రేమను బాకీగా వసూలు చేయబోయే ఆస్తి మనస్తత్వమది.

విసిగిన తలిదండ్రుల నిస్పృహ మీద వ్యాపారమూ పుట్టింది. 2000 ఏప్రిల్‌లో కొలరాడోలో పదేళ్ళ దత్త బాలికను దుప్పటిలో చుట్టి, దిండ్లతో అదిమి, అందులోంచి ‘మళ్ళీ పుట్టు’మన్నారు. ఆ పిల్ల వూపిరాడక చనిపోయింది. ఆ చికిత్స జరిపిన యిద్దరికి 2001లో పదహారేళ్ళ చొప్పున శిక్ష పడింది. బౌల్బీ మాట్లాడింది బిడ్డకు ఆశ్రయం గురించి. వీరు కోరింది లొంగుబాటు. నివేదికలోని లోపాలకన్న, దాని పేరు మీద జరిగిన యీ వక్రీకరణే ఘోరమని నా అభిప్రాయం.

నిజంగా జరగవలసిన పని చాలా చప్పగా వుంటుంది. అదే మనిషి, అదే వేళకు, ఆ బిడ్డ తిప్పికొట్టినా మళ్ళీ దగ్గరకు రావాలి. నెలలు కాదు, యేళ్ళు. 2000లో బుకారెస్టులో మొదలైన అధ్యయనంలో 136 మంది సదనం పిల్లల్లో సగం మందిని చీటీలు వేసినట్లు ఎంచి పెంపుడు కుటుంబాలకు పంపారు. (మిగతా సగాన్ని సదనంలోనే వుండమని ఎవరూ నిర్బంధించలేదు, అయినా ఆ సగం సంగతి నన్ను వదలదు.) రెండేళ్ళ లోపు వెళ్ళినవారిలో అనుబంధం బాగా కుదురుకుంది. ఆ పెంపుడు తలిదండ్రులకు జీతం యిచ్చారు, సోషల్ వర్కర్లను తోడిచ్చారు. బౌల్బీని ఖండించే మన విమర్శకులు వంటింటి దగ్గర ఆగకుండా ఆ జీతం దగ్గరనుంచి చర్చ మొదలుపెడితే బాగుంటుంది.