ఏ ఇంటి సీతమ్మ?

వంశవృక్షం రాయడానికి కూర్చుంటే మగవాళ్లతో పెద్ద పేచీ ఉండదు. తాత ఇంటిపేరే మనవడి దాకా నడుస్తుంది. చిక్కంతా ఆడవాళ్ల దగ్గరే. పెళ్లి పీటల మీంచి లేచేసరికి ఇంటిపేరూ గోత్రమూ రెండూ మారిపోతాయి. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసి ఎందరో స్త్రీల చరిత్రలు వెలికితీసిన భండారు అచ్చమాంబ, కొమర్రాజు లక్ష్మణరావు గారికి స్వయానా అక్క. ఆ పేరు చూసి ఎవరు పోల్చగలరు? భండారు అన్నది అత్తింటి పేరు మరి.

ఆవిడ సంగతి పుస్తకాలకెక్కింది కనుక సరిపోయింది. మన ఇళ్లలో మేనరికాలున్నాయే! మేనమామనో, ఆయన కొడుకునో చేసుకున్న పిల్లకి అత్తింటి పేరూ, తల్లి పుట్టింటి పేరూ ఒకటే. ఇంకా తిరకాసు కుండమార్పిడి. వేమూరి వారి పిల్లను కొల్లూరి వారికిచ్చి, వాళ్ల పిల్లను తెచ్చుకున్నారనుకోండి. ఇద్దరూ మేనత్త మేనమామ బిడ్డలైతే ఒకే ముసలమ్మ పేరు పెట్టుకోవడం మామూలే. దాంతో వేమూరి సీతమ్మ కొల్లూరి సీతమ్మ అవుతుంది, కొల్లూరి సీతమ్మ వేమూరి సీతమ్మ అవుతుంది! వయసు, తండ్రి పేరు, పెళ్లయిన ఏడు తేలేదాకా నేను ఏ సీతమ్మనీ చెట్టెక్కించను.

ఎక్కించేటప్పుడు పుట్టింటి పేరుతోనే రాస్తాను. “మా ఇంటి కోడలికి పరాయి పేరేమిటి?” అని పెద్దవాళ్లు కోప్పడతారు. పడనీండి. అత్తింటి పేరు పక్కనే భర్త గడిలో ఉండనే ఉంది.

రెండిళ్లనీ ఒక్క కాగితం మీదికి తెచ్చేవి పసుపు కుంకుమల కింద పొలం రాసిచ్చిన దస్తావేజులు. రిజిస్ట్రార్ ఆఫీసు సూచికలో రాసిచ్చినవాళ్ల పేర్లూ, రాయించుకున్నవాళ్ల పేర్లూ ఎక్కిస్తారు. కూతురు దొరక్కపోతే తండ్రి పేరు పట్టుకుని వెతకొచ్చు. అంతకన్నా తేలిక శుభలేఖ. వధువు తండ్రి, ఊరు, జ్యేష్ఠ పుత్రికో కనిష్ఠ పుత్రికో, ముహూర్తం, అన్నీ అందులోనే ఉంటాయి. తెలుగు సంవత్సరం ఒక్కటే వేస్తే మాత్రం జాగ్రత్త. విక్రమ అంటే 1880 కావచ్చు, 1940 కావచ్చు.

అటక మీద పాత శుభలేఖలుంటే చెదలు పట్టకముందే దించండి. ఇంట్లో పెద్దావిడ ఉంటే, “మీ అమ్మ ఏ ఇంటి ఆడపడుచు?” అని ఈ ఆదివారమే అడిగి, చెప్పిన పేరు కాగితం మీద పెట్టండి.